ఒక్కసారి చెప్పి వదిలేసే మాట కాదు

(నెల్లూరులో నర్సింగ్ విద్యార్థినులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తల కోసం జరిగిన శిక్షణలో ఒక జెనెటిక్ కౌన్సెలర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డాక్టర్ల సభల్లో కూడా ఈ విషయం మాట్లాడుతుంటాను. మీతో మాట్లాడడం మాత్రం ఇంకా ముఖ్యమని నా నమ్మకం. ఒక ఇంట్లో బిడ్డ నడవడం లేదని ముందు తెలిసేది మీకు. మేనరికం చేసుకున్న అమ్మాయి నెల తప్పిందని ముందు తెలిసేది మీకు. వాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు ఆలస్యం అయిపోయి ఉంటుంది.

ఒక సంగతి గట్టిగా చెప్పాలని వచ్చాను. "మీ రక్తంలో ఫలానా లోపం ఉంది" అని రిపోర్టు చదివి చెప్పడానికి అరగంట చాలు. దానితో ఆ మనిషి బతకాల్సింది నలభై, యాభై ఏళ్లు. ఆ లోపం పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా ఒకటే. దాని గురించి ఆ మనిషి అడిగే ప్రశ్న మాత్రం వయసుతో మారిపోతుంటుంది. పెళ్లికి ముందు ఒకటి అడుగుతారు, కడుపుతో ఉన్నప్పుడు ఇంకొకటి, కూతురు పెద్దమనిషి అయ్యాక మరొకటి. మొదటి రోజే అన్నీ చెప్పేసి పంపిస్తే ఏదీ చెప్పనట్టే. అందుకని ఏ వయసులో ఏది చెప్పాలి, ఏది అప్పటికి ఆపాలి అనే దాని చుట్టూనే ఇవాళ మాట్లాడతాను.

ముందు ఒక పని నేర్చుకోవాలి. కుటుంబ చరిత్ర రాసుకోవడం. మూడు తరాలు రాయాలి: ఈ మనిషి, అమ్మానాన్న, అవ్వాతాతలు, వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఎవరికి ఏ జబ్బు, ఏ వయసులో వచ్చింది, ఎంత వయసులో పోయారు, ఎవరిది మేనరికం, ఎవరికి అబార్షన్లు అయ్యాయి, ఏ బిడ్డ పురిట్లోనే పోయింది. పోయిన బిడ్డల గురించి అడగకపోతే ఎవరూ చెప్పరు. మెల్లగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. అత్తగారి ముందు అడిగితే కోడలు నోరు విప్పదు.

మన జిల్లాల్లో ఈ చరిత్ర రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. కనిగిరి, పామూరు వైపు, ఇటు ఉదయగిరి మెట్టలో కొన్ని ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదు. అక్కడ ఒకే ఇంట్లో తాతకు నడుం వంగిపోతుంది, తండ్రికి కీళ్లు బిగుసుకుంటాయి, పిల్లల పళ్లు గారపడతాయి. చూసినవాళ్లు "వాళ్ల వంశమే అంత" అంటారు. అది వంశం కాదు, నీళ్లు. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. ఇంట్లో ముగ్గురికి కిడ్నీలు పోతే "నీళ్ల వల్ల" అని వదిలేస్తారు. నిజానికి అది కిడ్నీ నిండా నీటి బుడగలు పెరిగే జబ్బు, పాలిసిస్టిక్ కిడ్నీ కావచ్చు. అది తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వందకు యాభై పాళ్లు వచ్చే అవకాశం ఉంటుంది.

రెండింటినీ విడదీయడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు, మన ఇళ్లలో పద్ధతులే చాలు. బయటి ఊరి నుంచి వచ్చిన కోడలిని చూడండి. ఆమెది వేరే రక్తం, తాగేది ఇదే నీళ్లు. వేరే ఊరికి కాపురానికి వెళ్లిన ఆడపిల్లకు పుట్టిన బిడ్డలను చూడండి. వాళ్లది ఇదే రక్తం, ఈ నీళ్లు వాళ్లు ముట్టలేదు. కోడలికీ బాధ ఉంటే నీళ్లను అనుమానించాలి. ఒంగోలులోనో చెన్నైలోనో పుట్టి పెరిగిన మనవడికి అదే జబ్బు కనిపిస్తే రక్తాన్ని అనుమానించాలి. ఇది పక్కా రుజువు కాదు, కానీ ఎవరిని ఏ డాక్టరు దగ్గరికి పంపాలో మీకు దారి చూపిస్తుంది. పాలిసిస్టిక్ అని తేలిన ఇంట్లో ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. తమ్ముడు అన్నకు కిడ్నీ ఇస్తానని ముందుకొస్తాడు. ముందు తమ్ముడిని పూర్తిగా పరీక్షించాలి. ఇరవై ఏళ్ల వయసులో స్కాన్ బాగున్నంత మాత్రాన జబ్బు లేదని హామీ ఇవ్వలేం, బుడగలు తర్వాత కూడా రావచ్చు. అదే నలభై దాటినా స్కాన్‌లో బుడగలు కనిపించకపోతే చాలావరకు ధైర్యం చెప్పొచ్చు. జబ్బు ఉన్నట్టు తేలినవాళ్లకు మొదటి మందు బీపీని అదుపులో ఉంచడం. అది మీ చేతుల్లో ఉన్న పనే.

ఇక మేనరికాల సంగతి.

ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగు పెళ్లిళ్లలో ఒకటి దగ్గరి బంధువుల మధ్యే జరుగుతోందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. మేనమామ కూతురు, మేనత్త కొడుకు పెళ్లి చేసుకుంటే ఇద్దరి జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి. అక్క కూతురిని చేసుకుంటే నాలుగో వంతు. ఇది ఎందుకు ముఖ్యమంటే, మనలో ప్రతి ఒక్కరం కొన్ని చెడ్డ జన్యువులను మోస్తూనే ఉంటాం. చాలా జన్యువులకు మనలో రెండు కాపీలుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. చాలా జబ్బుల్లో ఒక చెడ్డ కాపీకి పక్కన ఒక మంచి కాపీ ఉంటే మనకు ఏమీ కాదు. భార్యాభర్తలు ఒకే తాత నుంచి ఒకే చెడ్డ కాపీ తెచ్చుకుంటే బిడ్డకు రెండూ చెడ్డవే రావడానికి వీలు కలుగుతుంది.

ఇక్కడ లెక్క నిజాయితీగా చెప్పాలి. ఏ బంధుత్వమూ లేని దంపతుల పిల్లల్లోనూ వందకు ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. మేనరికంలో అలాంటివాళ్లు వందకు నలుగురైదుగురు, ఒక్కోసారి ఆరుగురు ఉంటారు. రెట్టింపు అన్నది నిజం. వందలో తొంభై నాలుగు మందికి పైగా మామూలుగానే పుడతారన్నదీ నిజం. సగం నిజం చెప్పి భయపెట్టకండి. మిగతా సగం చెప్పి నిద్రపుచ్చకండి. కడుపుతో ఉన్న అమ్మాయితో "మేనరికం ఎందుకు చేసుకున్నావమ్మా" అనే మాట మాత్రం ఎప్పుడూ అనొద్దు. ఆ పెళ్లి ఆమె నిర్ణయించింది కాదు. ఆ మాట అన్న రోజు నుంచి ఆ ఇంటి తలుపు మీకు తెరుచుకోదు.

ఉదాహరణకు తలసేమియా తీసుకుందాం, ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు. మన దేశంలో వందకు ముగ్గురు నలుగురు బీటా తలసేమియా వాహకులు, అంటే ఒక్క చెడ్డ కాపీని మోసేవాళ్లు. వాహకులకు జబ్బు ఉండదు, కాస్త రక్తం తక్కువగా ఉంటుంది, అంతే. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ వందకు ఇరవై ఐదు పాళ్లు బిడ్డకు తీవ్రమైన జబ్బు వస్తుంది. ఆ బిడ్డకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో ఒంట్లో పేరుకునే ఇనుమును తీయడానికి రోజూ మందులు వాడాలి. ఇదంతా జీవితాంతం.

ఈ ఇరవై ఐదు పాళ్ల లెక్క చాలామందికి తప్పుగా అర్థమవుతుంది. "ఒక బిడ్డకు వచ్చేసింది కదమ్మా, ఇక మిగతా ముగ్గురికీ రాదు" అంటారు. అలా కాదు. డబ్బాలో నాలుగు చీటీలు వేసి ఒకటి తీస్తాం. తీసిన చీటీ మళ్లీ అదే డబ్బాలో వేసి రెండో కాన్పుకు మళ్లీ తీస్తాం. ప్రతిసారీ నాలుగు చీటీలే. ఇది చేసి చూపిస్తే చదువు రానివాళ్లకు కూడా వెంటనే తెలుస్తుంది.

మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. గర్భిణికి ఐరన్ మాత్రలు ఇస్తారు. ఆమె సరిగ్గా వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ పెరగడం లేదు, సీబీసీ రిపోర్టులో ఎర్రకణాల సైజు, అంటే ఎంసీవీ, 80 కంటే బాగా తక్కువ ఉంది. అప్పుడు మాత్రలు మానిపించకుండా, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించమని డాక్టరుకు చెప్పండి. అందులో హిమోగ్లోబిన్ ఏ2 మూడున్నర శాతం దాటితే భర్తకు కూడా వెంటనే పరీక్ష చేయించాలి. ఇద్దరూ వాహకులైతే పదకొండో వారం నుంచి మాయ ముక్క తీసి, లేదా పదిహేను వారాలు దాటాక ఉమ్మనీరు తీసి, బిడ్డకు జబ్బు ఉందో లేదో చెప్పగలం. హైదరాబాద్‌లో నిమ్స్‌లోని జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. మనకు దగ్గరగా వేలూరు సీఎంసీ ఉంది. అందుకే పన్నెండు వారాల లోపు గర్భం నమోదు చేయడం నా దృష్టిలో చాలా పెద్ద పని. ఐదో నెలలో తెలిస్తే వాళ్లకు ఆలోచించుకునే టైం ఉండదు.

1994 నాటి చట్టం ప్రకారం ఇలాంటి జబ్బుల కోసం కడుపులో బిడ్డను పరీక్షించవచ్చు, లింగం మాత్రం చెప్పకూడదు. ఫలితం వచ్చాక ఉంచుకోవాలా, తీయించుకోవాలా అన్నది ఆ దంపతుల నిర్ణయం. మనం రెండు దారుల్లోనూ ఏముంటుందో చెప్పాలి. రక్తం ఎక్కించుకుంటూ డిగ్రీ చదివి ఉద్యోగం చేస్తున్న పిల్లలు ఉన్నారని కూడా చెప్పాలి. ఇక్కడ మన స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండక్కి సంతాన రొట్టె కోసం వచ్చే దంపతుల్లో ఇలా రెండు మూడు కాన్పులు పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల మొక్కును తక్కువ చేసి మాట్లాడకండి. రొట్టె పట్టుకోండి, రక్త పరీక్ష కూడా చేయించుకోండి అంటే చాలు, ఇద్దరూ వింటారు.

ఇక పసిపిల్లలు. అంగన్‌వాడీలో మూడు నాలుగేళ్ల మగపిల్లాడు తరచూ పడిపోతున్నాడు, పిక్కలు లావుగా ఉన్నాయి, నేల మీద నుంచి లేచేటప్పుడు తన తొడల మీదే చేతులు ఆనించుకుంటూ పైకి లేస్తున్నాడు. అది బద్ధకం కాదు. డుషేన్ అనే కండరాల జబ్బు కావచ్చు. సీపీకే అనే మామూలు రక్త పరీక్షతో అనుమానం బలపడుతుంది. ఈ జబ్బు తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆ క్రోమోజోమ్ ఆడవాళ్లకు రెండు, మగవాళ్లకు ఒకటే. తల్లి వాహకురాలైతే కొడుకుల్లో సగం మందికి రావచ్చు, కూతుళ్లలో సగం మంది వాహకులు కావచ్చు.

ఇలా చెప్పగానే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. నేరమంతా తల్లి మీద పడుతుంది. "నీ పుట్టింటి జబ్బు మా ఇంటికి తెచ్చావు" అంటారు. అందుకే తండ్రి, అత్తమామలు పక్కనున్నప్పుడే రెండు విషయాలు చెప్పాలి. ఇలాంటి పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది తల్లులకు ఆ లోపం ఉండదు, బిడ్డలోనే కొత్తగా పుట్టి ఉంటుంది. ఉన్నా కూడా, తన జన్యువును ఎవరూ ఎంచుకోలేరు. తండ్రి కళ్ల రంగు బిడ్డకు వచ్చినందుకు ఎవరూ తండ్రిని తిట్టరు కదా. తల్లి వాహకురాలని తేలితే ఆమె గుండె పరీక్ష కూడా అప్పుడప్పుడు చేయించుకోవాలి. ఇది చాలామంది డాక్టర్లు కూడా చెప్పడం మర్చిపోతారు. బిడ్డ గురించే అందరూ మాట్లాడతారు, తల్లి గుండె ఎవరికీ గుర్తుండదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ కండరాల జబ్బు ఉంది, తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ కూడా ఉన్నాయి. వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపులో సర్టిఫికెట్ ఇప్పించండి. చాలా కుటుంబాలకు ఈ సంగతే తెలియదు.

పిల్లల విషయంలో ఒక నియమం ఉంది. చిన్నతనంలో ఏదైనా చేయగలిగిన జబ్బుకు అయితేనే చిన్నతనంలో పరీక్ష చేస్తాం. పెద్దయ్యాకే వచ్చే జబ్బుకు, ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేనప్పుడు, తల్లిదండ్రులు ఎంత ఒత్తిడి చేసినా చేయం. ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చాక తెలుసుకోవాలో వద్దో తనే తేల్చుకోవాలి. ఉదాహరణకు హంటింగ్టన్ అనే మెదడు జబ్బు. సాధారణంగా ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్య మొదలవుతుంది. దాని జన్యువును 1993లో కనుక్కున్నారు, పరీక్ష ఉంది, జబ్బును ఆపే మందు లేదు. తండ్రికి ఉన్న ఇరవై ఏళ్ల అబ్బాయి "నాకు తెలియకుండానే ఉండనివ్వండి" అంటే అది అతని హక్కు. ఇంకొకరు "తెలిస్తేనే నిద్ర పడుతుంది" అంటే అదీ హక్కే. ఇద్దరితోనూ ఓపికగా మాట్లాడాలి.

ఇప్పుడు ఒక ఆడమనిషి జీవితం మొత్తం తీసుకుని చూద్దాం. ఇది ఎవరి కథా కాదు, చాలామందిలో చూసినవి కలిపి చెబుతున్నాను. కావలి వైపు ఒక అమ్మాయి అనుకోండి. వాళ్ల నాయనమ్మకు రొమ్ము క్యాన్సర్, మేనత్తకు అండాశయ క్యాన్సర్. "అది నాన్నవైపు కదా, నాకేం సంబంధం" అనుకుంటుంది. చాలామంది అలాగే అనుకుంటారు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో లోపం తండ్రి నుంచి కూడా కూతురికి వస్తుంది. తండ్రికి జబ్బు రాకపోవచ్చు, లోపం మాత్రం కూతురికి ఇవ్వగలడు. బీఆర్‌సీఏ1 లోపం ఉన్న వందమంది ఆడవాళ్లలో 60 నుంచి 70 మందికి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్, సుమారు 40 మందికి అండాశయ క్యాన్సర్ రావచ్చు.

ఇక్కడ మొదటి తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి ముందు పరీక్ష చేస్తారు. ముందు చేయాల్సింది జబ్బు వచ్చిన మేనత్తకు. ఆమెలో ఏ లోపం ఉందో దొరికితే, మిగతావాళ్లలో ఆ ఒక్క చోటే వెతికితే చాలు, ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. ఆమె బతికుండగానే రక్తం తీసి ఉంచాలి. ఆమె పోయాక మిగిలినవాళ్లకు ఏదీ తేల్చి చెప్పడం కష్టం. ఇది అడగడం మనసుకు కష్టంగానే ఉంటుంది, అయినా అడగాలి. "మీ అన్న కూతుళ్ల కోసం" అంటే చాలామంది పెద్దవాళ్లు వెంటనే చెయ్యి చాపుతారు.

ఆ అమ్మాయికి లోపం ఉందని ఇరవై రెండేళ్లకు తెలిసింది. ఆమె భయం క్యాన్సర్ గురించి కాదు, పెళ్లి గురించి. ఆ వయసులో ఆమెకు చెప్పాల్సింది కొద్దిగానే: ఇరవై ఐదు నుంచి ఏటా రొమ్ముకు ఎంఆర్ఐ, ముప్పై నుంచి మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే కూడా. అండాశయాలు తీయించుకోవడం గురించి అప్పుడే గంటసేపు చెబితే పిల్ల బెదిరిపోతుంది. ముప్పైలకు వచ్చేసరికి పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టారు. అప్పుడు ఆ మాట ఎత్తాలి. బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్లకు 35 నుంచి 40 ఏళ్ల మధ్య అండాశయాలు, ట్యూబులు తీయించుకోమని సలహా ఇస్తారు. అండాశయ క్యాన్సర్‌ను ముందే పట్టే నమ్మకమైన స్కాన్ లేదు, అందుకని. ఆపరేషన్ తర్వాత ఒక్కసారిగా ముట్లు ఆగిపోతాయి, ఒంట్లో ఆవిర్లు, ఎముకలు పలచబడడం, భార్యాభర్తల మధ్య ఇబ్బందులు. ఇవి ముందే చెప్పకపోతే ఆమె "నాకేదో అయింది" అని కుంగిపోతుంది. నలభై ఐదుకు కూతురికి పద్దెనిమిది నిండుతాయి. అప్పుడు ప్రశ్న కూతురికి ఎలా చెప్పాలి అని. అరవైకి, తను బాగానే ఉండి చెల్లెలు పోయి ఉంటే, "నేనెందుకు మిగిలాను" అన్న బాధ. పరీక్షలో లోపం లేదని వచ్చినవాళ్లకు కూడా ఈ బాధ ఉంటుంది. సంతోషించాల్సినవాళ్లు ఏడుస్తారు. వాళ్లనూ మళ్లీ రమ్మని పిలవాలి.

ఇంకో కారణానికి కూడా పిలవాలి. కొన్ని రిపోర్టుల్లో "అర్థం తేలని మార్పు" అని వస్తుంది. అది లోపం అని కాదు, లోపం కాదని కూడా కాదు. దాన్ని పట్టుకుని ఆపరేషన్లు చేయించుకోకూడదు. ప్రపంచంలోని జన్యు సమాచారం చాలావరకు యూరప్ మూలాలున్నవాళ్లది కావడంతో మనవాళ్లకు ఇలాంటి రిపోర్టులు ఎక్కువ. మన దేశంలో పదివేల మంది జన్యువులను చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో అందుబాటులోకి వచ్చింది. ఇలాంటివి పెరిగేకొద్దీ పాత రిపోర్టుల అర్థం మారుతుంది. రెండు మూడేళ్లకోసారి అడగమని చెప్పండి.

ఒక చిన్న మాట, ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు గురించి. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఒక ఎంజైమ్ లోపం మిగతావాళ్లకంటే బాగా ఎక్కువగా ఉందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2017లో చెప్పింది. ఆ లోపం ఉన్నవాళ్లకు ఆపరేషన్‌లో వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే కండరాలు చాలాసేపు కదలవు, ఊపిరి తీయలేరు. "మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత ఆలస్యంగా లేచారా" అని ఒక్క ప్రశ్న అడిగి మత్తు డాక్టరుకు చెబితే ప్రాణం నిలుస్తుంది. ఇది ఒక కులానికి మచ్చ కాదు. తరతరాలుగా తమలో తాము పెళ్లిళ్లు చేసుకున్న ప్రతి కులంలోనూ ఏదో ఒకటి ఉంటుంది. వీళ్లది వెతికారు కాబట్టి తెలిసింది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

(ఒక ఆశా కార్యకర్త: మేడం, సంబంధం కుదిరేటప్పుడు ఈ సంగతి చెప్పాలా? చెబితే సంబంధం పోతుంది, చెప్పకపోతే మోసం అంటారు.)

అమ్మా, నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. రెండు రకాలుగా చూడాలి. తలసేమియా లాంటి దానికి వాహకురాలు మాత్రమే అయితే, అబ్బాయి కూడా వాహకుడైతేనే సమస్య. కాబట్టి అబ్బాయికి కూడా పరీక్ష చేయించమనాలి. అమ్మాయికి ఒక్కదానికే చేయించి, ఆమెను వద్దనడం అన్యాయం, లెక్క ప్రకారం కూడా తప్పు. రేపు తెచ్చుకునే ఇంకో అమ్మాయికి పరీక్షే చేయించి ఉండరు.

బీఆర్‌సీఏ, హంటింగ్టన్ లాంటివైతే, తాంబూలాలకు ముందే అబ్బాయికి తెలియాలన్నది నా అభిప్రాయం. పెళ్లయ్యాక బయటపడితే ఆ అమ్మాయి ఎక్కువ నష్టపోతుంది. అయితే చెప్పాల్సింది ఆ అమ్మాయే, ఆ అబ్బాయికే, నేరుగా. పెళ్లిళ్ల పేరయ్య నోటి నుంచి కాదు, మీ నోటి నుంచి అసలే కాదు. ఇద్దరూ కలిసి వస్తే కౌన్సెలర్ ఎదురుగా మాట్లాడుకోవచ్చు. మీకు ఎవరైనా వచ్చి "ఆ పిల్ల సంగతి ఏంటి" అని అడిగితే "నాకు తెలియదు" అనండి. అది అబద్ధమే అనిపించినా, ఆమె చెప్పమనేదాకా అది మీ రహస్యం కాదు, ఆమెది.

(ఒక నర్సింగ్ విద్యార్థిని: అక్కకు లోపం ఉంది, చెల్లెలు వినడానికి కూడా ఒప్పుకోవడం లేదు. మనమే చెల్లెలికి ఫోన్ చేసి చెప్పొచ్చా?)

చెయ్యకూడదమ్మా. అక్క అనుమతి లేకుండా ఆమె రిపోర్టు చెప్పలేం, చెల్లెలి ఇష్టం లేకుండా వినిపించలేం. మేము ఒక ఉత్తరం రాసి అక్క చేతికి ఇస్తాం. అందులో మీ కుటుంబంలో ఒక జన్యు లోపం ఉంది, కావాలంటే ఇక్కడ మాట్లాడవచ్చు అని మాత్రమే ఉంటుంది. చెల్లెలు దాన్ని బీరువాలో పెట్టేసినా ఫర్వాలేదు. ఇవాళ వద్దన్న మనిషి తన కూతురి పెళ్లి నాటికి అడగొచ్చు. అప్పుడు పనికొచ్చేది అక్క అసలు రిపోర్టు. జన్యువు పేరు, లోపం ఉన్న చోటు అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంటాయి. "బీఆర్‌సీఏ పాజిటివ్" అని చీటీ మీద రాసుకుంటే సరిపోదు. ఆ కాగితం లేకపోతే చెల్లెలికి మళ్లీ మొదటి నుంచి మొత్తం వెతకాలి, ఎన్నో రెట్లు ఖర్చు. కాబట్టి మీరు ఆ ఇంటికి వెళ్లినప్పుడు రిపోర్టు జిరాక్సులు రెండు మూడు తీయించి, ఒకటి పుట్టింట్లో, ఒకటి ఆమె దగ్గర ఉంచమని చెప్పండి.